కొడవలి కణవ్యాధి – రక్తములోని గురుతు, దాని అర్థము

మన్యప్రాంత గ్రామములందు సికిల్ సెల్ పరీక్షా శిబిరములు జరుగుచున్నవి. ఆరోగ్య కార్యకర్తలు వేలికొన నుండి కొన్ని చుక్కల రక్తము తీసికొందురు. పరీక్ష ముగిసిన పిదప ఇంటికి ఒక కార్డు చేరును. ఆ కార్డుపై వ్రాసిన ఒక్క మాటను బట్టి కొన్ని ఇండ్లలో ఊరట, కొన్ని ఇండ్లలో దిగులు. ‘వాహకురాలు’ అను మాట చూచి కుదిరిన సంబంధమును వదలుకొనువారు కలరు. ‘వ్యాధిగ్రస్తుడు’ అను మాట చూచియు, పిల్లవాడు ఆడుకొనుచునే యున్నాడు గదా యని కార్డును చూరులో దోపి మరచువారును కలరు. రెండును పొరపాట్లే. మొదటిది ఒక ఆడపిల్ల బ్రతుకును చెరచును. రెండవది పసిబిడ్డ ప్రాణముల మీదికి తెచ్చును.

ఈ పరీక్షలు జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమము క్రింద జరుగుచున్నవి. ఇది 2023 జులై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా 17 రాష్ట్రములలో 40 ఏండ్ల లోపు వయస్సు గల 7 కోట్ల మందికి మూడేండ్లలో పరీక్ష జరిపించుట దీని మొదటి లక్ష్యము; 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగులరాదనునది తుది లక్ష్యము. గిరిజనులలో పుట్టిన ప్రతి 86 మంది శిశువులలో ఒకరికి ఈ వ్యాధి ఉండవచ్చునని కేంద్ర గిరిజన వ్యవహారముల మంత్రిత్వశాఖ చెప్పుచున్నది. కార్డు పుచ్చుకొన్న ఇంటివారు మొదట సందేహము తీర్చుకొనుటకు వచ్చునది తమ వార్డు సభ్యుని యొద్దకే. ఆ సభ్యునికి జవాబు తెలిసియుండవలెనని మా కోరిక.

కొడవలి వంటి కణము

మన రక్తమునకు ఎరుపు రంగు నిచ్చు పదార్థము పేరు హీమోగ్లోబిన్. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును అందుకొని శరీరమంతట పంచిపెట్టుట దాని పని. ఇది ఎర్ర కణములలో నిండియుండును. ఆరోగ్యవంతుని ఎర్ర కణము గుండ్రముగ, మెత్తగ నుండి, వెంట్రుక కన్న సన్నని రక్తనాళములలో గూడ వంగి దూరిపోవును. అట్టి కణము సుమారు 120 దినములు జీవించును.

కొడవలి కణవ్యాధి గలవారి హీమోగ్లోబిన్ ప్రాణవాయువును విడిచిపెట్టిన తోడనే పుల్లలవలె ఒకదానికొకటి అతుకుకొని బిరుసెక్కును. అప్పుడు కణము గుండ్రదనము పోయి కొడవలివలె వంగును. అది సన్నని నాళములలో చిక్కుకొని వెనుక వచ్చు రక్తమునకు అడ్డుపడును. పిల్లకాలువలో కంప అడ్డుపడినచో దిగువ మడి ఎండినట్లే, ఆ నాళము మీద ఆధారపడిన ఎముకయో, కండరమో, మెదడులోని భాగమో రక్తము అందక దెబ్బతినును. అదియే భరింపరాని నొప్పి. వంకర తిరిగిన కణము పది, ఇరువది దినములకు మించి బ్రతుకదు. కావున రక్తహీనత, కన్నులు పచ్చబారుట మొదలగునవి విడువక వచ్చుచుండును. ఈ లక్షణములను చూచి వాతమనియు, కామెర్లనియు, గాలి సోకినదనియు తలచి మంత్రములకును, ఆకుపసరులకును తిరుగుటలో పుణ్యకాలము గడచిపోవుట కద్దు.

ఈ కణములను మొదట గుర్తించి 1910లో ప్రకటించినవాడు అమెరికాలోని షికాగో నగర వైద్యుడు జేమ్స్ హెర్రిక్. కణము వంగుచున్నదని ఆయన చూచెను గాని, ఎందులకో ఆ కాలమున తెలియదు. దాదాపు నలుబది ఏండ్లకు, 1949లో, లైనస్ పాలింగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక చక్కని ఉపాయము పన్నిరి. రోగుల హీమోగ్లోబిన్‌ను, ఆరోగ్యవంతుల హీమోగ్లోబిన్‌ను విద్యుత్తు ప్రవహించు ద్రవములో నుంచిరి. రెండును వేరువేరు వేగములతో కదలెను. మరియొక సంగతియు తేలెను. రోగుల బంధువులలో కొందరు ఏ బాధయు లేనివారే యైనను, వారి రక్తములో రెండు రకముల హీమోగ్లోబిన్‌లును కలిసియుండెను. వీరే నేడు మనము వాహకులని పిలుచువారు. కార్డుపై నేడు కనబడు ‘వాహకుడు’, ‘వ్యాధిగ్రస్తుడు’ అను భేదమునకు శాస్త్రీయమైన ఆధారము ఆనాడే ఏర్పడినది.

ఆ రెండు హీమోగ్లోబిన్‌లకు గల తేడా ఎంతటిదో 1956, 1957 సంవత్సరములలో ఇంగ్లండులో వెర్నన్ ఇంగ్రామ్ కనిపెట్టెను. హీమోగ్లోబిన్‌లోని ఒక గొలుసును 146 గింజలు గ్రుచ్చిన దండగ ఊహించుకొనవచ్చును. అందులో ఆరవ గింజ యొక్కటి మాత్రము మారినది; తక్కిన 145 గింజలు యథాతథముగ నున్నవి. ఒక్క గింజ తేడా వలన కణము వంగుచున్నది, ఎముకలు నొచ్చుచున్నవి, ప్రాణములు పోవుచున్నవి. ఇట్టి మార్పు తినెడి తిండి వలనగాని, చేసిన పాపము వలనగాని వచ్చునది కాదు. తల్లిదండ్రుల నుండి పుట్టుకతో వచ్చునది. ఒకరి నుండి ఒకరికి అంటునది అసలే కాదు. ఒకే కంచములో తిన్నను, ఒకే పక్కపై పరుండినను సోకదు.

మన్యములోనే యెందులకు?

మన దేశములో ఈ గురుతును 1952లో నీలగిరి కొండజాతులలో మొదట కనుగొని ప్రకటించిరి. తరువాత మధ్య భారతమునను, ఒడిషాలోను, మన గోదావరి తీరపు కోయలు, కొండరెడ్లు, ఆదిలాబాదు ప్రాంతపు గోండులు మొదలగు వారిలోను కనబడినది. గిరిజనులు కానివారిలోను లేకపోలేదు. అయినను కొండజాతులలో ఎక్కువగ నుండుటకు కారణమేమి? దీనికి సమాధానము 1954లో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన ఆంథొనీ ఆలిసన్ పరిశోధనలలో దొరికినది. మలేరియా విపరీతముగ నున్న చోట్ల వాహకుల సంఖ్య ఎక్కువ. వాహకులైన పిల్లలు ప్రాణాంతకమైన మలేరియాకు అంత సులభముగ లొంగరు. తరతరములుగ మన్యపు జ్వరము పసిపిల్లలను పొట్టన పెట్టుకొనుచున్న నేలపై ఈ గురుతు గలవారు బ్రతికి బట్టకట్టిరి. వారి సంతతి పెరిగినది. కావున దీనిని ఒక జాతికి తగిలిన శాపముగ చెప్పుట అజ్ఞానము. ఒకనాడు పూర్వులను కాచిన కవచమిది. అయితే ఈ కాపు వాహకులకే గాని వ్యాధిగ్రస్తులకు లేదు; వారికి మలేరియా వచ్చినచో మరింత అపాయము. వాహకులును దోమతెర విడువరాదు.

పరీక్ష రెండు మెట్లలో

శిబిరములో మొదట జరుపు పరీక్ష బహు సులభమైనది. ఒక ద్రావణములో రక్తపు చుక్క కలుపుదురు. మామూలు రక్తమైనచో ద్రవము తేటగ నుండి, గాజు గొట్టము వెనుక నుంచిన కాగితముపై గీతలు కనబడును. కొడవలి హీమోగ్లోబిన్ ఉన్నచో ద్రవము మబ్బు పట్టినట్లై గీతలు మరుగుపడును. అయితే వాహకుని రక్తమైనను మబ్బు పట్టును, రోగి రక్తమైనను మబ్బు పట్టును. గురుతు కలదో లేదో మాత్రమే ఈ పరీక్ష చెప్పగలదు. ఒక పాలు కలదో, రెండు పాళ్ళు కలవో చెప్పలేదు. అందుకొరకే రెండవ పరీక్ష. పెద్ద ఆసుపత్రులలోని యంత్రముపై హీమోగ్లోబిన్ రకములను విడదీసి, ఏది ఎంత పాలు కలదో లెక్కగట్టుదురు. దానిని హెచ్.పి.ఎల్.సి. పరీక్ష యందురు. ఈ రెండవ నివేదిక వచ్చువరకు ఎవరినీ రోగి యని గాని వాహకుడని గాని పిలువరాదు. కొన్ని ఊళ్ళలో మొదటి పరీక్ష నాడే పేర్లు ఊరంతట పొక్కుచున్నవి. దీనిని అరికట్టుట పంచాయతీ సభ్యుల బాధ్యత.

మరి రెండు సంగతులు. ఆరు నెలల లోపు శిశువులకు మబ్బు పరీక్ష పనికిరాదు. కారణము ముందు చెప్పెదము. ఇటీవల రక్తము ఎక్కించుకొన్నవారి రక్తములో దాత రక్తము కలిసియుండును గనుక ఫలితము తప్పుదారి పట్టించును. ఆ సంగతి ముందుగనే కార్యకర్తకు తెలుపవలెను.

పెండ్లి లెక్క

ఈ గురుతునకు సంబంధించిన విత్తనములు ప్రతి మనిషిలోను రెండేసి యుండును: తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి. రెండును మంచివైనచో ఏ చిక్కును లేదు. ఒకటి మంచిది, ఒకటి మారినది యైనచో అతడు వాహకుడు. రెండును మారినవైనచో వ్యాధి.

వాహకుడు రోగి కాడు. సేద్యము చేయవచ్చును, సైన్యములో చేరవచ్చును, పిల్లలను కనవచ్చును. అతనికి మందు అక్కరలేదు. విపరీతమైన శ్రమలో ఒంటి నీరు పూర్తిగ ఇంకిపోయినపుడు గాని, మిక్కిలి ఎత్తయిన పర్వతములపై గాని అరుదుగ ఇబ్బంది కలుగవచ్చును, అంతే. వాహకుడు గురుతు లేని ఆమెను పెండ్లాడినచో వారి సంతానములో ఎవరికిని వ్యాధి రాదు. కొందరు వాహకులు మాత్రము పుట్టవచ్చును. ఈ ఒక్క వాక్యమును సభ్యులు గ్రామసభలో పదేపదే చెప్పినచో ఎన్నో సంబంధములు నిలుచును.

చిక్కంతయు ఇద్దరు వాహకులు కలిసినపుడే. అప్పుడు ప్రతి కానుపులోను నాలుగింట ఒక వంతు వ్యాధి వచ్చుటకు, రెండు వంతులు వాహకులగుటకు, ఒక వంతు గురుతే లేకుండుటకు వీలు కలదు. ఇచ్చట జనులు తరచుగ ఒక విధముగ భ్రమపడుదురు. నలుగురు బిడ్డలలో ఒకరికి వచ్చును గనుక, పెద్దవానికి వచ్చినచో తక్కిన ముగ్గురికి భయము లేదని తలంతురు. లెక్క అట్టిది కాదు. రెండు రూపాయి బిళ్ళలను ఎగురవేసినపుడు రెండును బొరుసు పడుటకు ఎంత వీలో, ప్రతి కానుపునకు అంత వీలు. మొదటిసారి రెండును బొరుసు పడినంత మాత్రమున రెండవసారి పడకపోవునా? ఒక ఇంట నలుగురికి నలుగురును వ్యాధిగ్రస్తులు కావచ్చును, ఒక్కరును కాకపోవచ్చును. మేనరికములలో ఇరువురును ఒకే తాతముత్తాతల విత్తనమును మోయుచుండుటకు వీలెక్కువ గనుక, సంబంధము అనుకొనుటకు ముందే పరీక్ష జరిపించుట మేలు. మేనరికమును నిషేధింపుడని మేము చెప్పుట లేదు; కార్డులు చూచుకొని నిర్ణయించుకొనుడని చెప్పుచున్నాము. ఇప్పటికే పెండ్లియైన వాహక దంపతులు గర్భము ధరించిన తొలి నెలలలోనే ఆసుపత్రికి పోయినచో గర్భస్థ శిశువునకు పరీక్ష చేయు వసతి పెద్ద వైద్యశాలలలో కలదు. తరువాత ఏమి చేయవలెనో ఆ దంపతులే నిశ్చయించుకొనవలెను. ఊరివారు తీర్పు చెప్పరాదు.

ముందుగ తెలిసినందువలన లాభమేమి?

మందు లేని రోగమునకు పరీక్ష యెందులకు అను ప్రశ్న మాకు తరచుగ వినబడును. దీనికి రెండు చోట్ల జరిగిన పని జవాబు చెప్పగలదు.

మొదటిది అమెరికా. ఈ వ్యాధి గల పసిపిల్లలను చంపునది నొప్పి కాదు, జ్వరము. వారి ప్లీహము, అనగా ఎడమవైపు డొక్క క్రింద నుండు బల్ల, చిన్ననాడే దెబ్బతినును. సూక్ష్మజీవులను పట్టియుంచు ఆ కావలివాడు పడిపోయినపుడు ఉదయము జ్వరము వచ్చిన బిడ్డ రాత్రికి దక్కకపోవచ్చును. 1986లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 215 మంది పసిపిల్లలను రెండు జట్లుగ చేసి, ఒక జట్టునకు దినమునకు రెండుసార్లు పెనిసిలిన్ మాత్రలు, రెండవ జట్టునకు మందు లేని మాత్రలు ఇచ్చిరి. మందు లేని జట్టులో 110 మందిలో 13 మందికి తీవ్రమైన అంటువ్యాధి సోకెను. పెనిసిలిన్ జట్టులో 105 మందిలో ఇద్దరికే. తేడా ఇంత స్పష్టముగ నుండుటచే పరిశోధనను గడువునకు ముందే నిలిపి అందరికిని మందు ఇచ్చిరి. పెనిసిలిన్ పాత మందు, చవుక మందు. కాని బిడ్డకు వ్యాధి యున్నదని జ్వరము రాకమునుపే తెలిసియుండిననే దానివలన ఫలము.

రెండవది జమైకా ద్వీపము. అచ్చట 1973 మొదలు 1981 వరకు ఒక ప్రసూతి ఆసుపత్రిలో వరుసగ పుట్టిన లక్ష మంది శిశువులకు పరీక్ష జరిపి, వ్యాధి గలవారిని ఏండ్ల తరబడి కనిపెట్టుచు వచ్చిరి. కొందరు పిల్లలకు రక్తమంతయు ఒక్కసారిగ బల్లలోనికి చేరి, బల్ల ఉబ్బి, కొన్ని గంటలలో ప్రాణము పోవుచుండుట గమనించిరి. వారు చేసినదేమి? తల్లులకు బిడ్డ ఎడమ డొక్క క్రింద వ్రేళ్ళతో తడిమి బల్ల పెరిగినదో లేదో చూచుట నేర్పిరి. పెరిగినట్లు తోచినచో పరుగున ఆసుపత్రికి రమ్మనిరి. ఆ మరణములు బాగుగ తగ్గెను. యంత్రము లేదు, కొత్త మందు లేదు; తల్లి చేయి చాలినది. మన ఆశా కార్యకర్తలు ఈ విద్యను వ్యాధిగ్రస్తుల ఇంట ప్రతి తల్లికిని నేర్పగలరు. ఈ ప్రయోజనము వ్యాధి యున్నదని తెలిసిన ఇంటికే. చూరులో దోపిన కార్డు వలన ఎవరికిని మేలు లేదు.

మందు ఎట్లు దొరికినది?

ఆరు నెలల లోపు శిశువుల ప్రస్తావన పైన వచ్చినది. 1948లో న్యూయార్కులో జానెట్ వాట్సన్ అను వైద్యురాలు ఒక విశేషము గమనించెను. పుట్టిన కొత్తలో ఈ బిడ్డల కణములు అంతగ వంగవు, జబ్బును కనబడదు. కారణము గర్భములో నున్నపుడు శిశువునకు వేరొక హీమోగ్లోబిన్ ఉండుటయే. దానిలో ఆ ఆరవ గింజ చిక్కు లేదు. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గి, దాని స్థానమున పెద్దల హీమోగ్లోబిన్ వచ్చును. వ్యాధియు అప్పుడే తల యెత్తును. శిశు హీమోగ్లోబిన్ పెద్ద వయస్సులో గూడ నిలిచియుండిన రోగులకు బాధ తక్కువ. 1986లో ఒడిషా రోగులను గూర్చి ప్రకటింపబడిన పరిశోధనలోను ఈ సంగతి కనబడినది; వారి రక్తములో శిశు హీమోగ్లోబిన్ జమైకా రోగుల కంటె ఎక్కువ. దీనిని బట్టి మన దేశపు వ్యాధి మెత్తనిదని కొందరు తేలికగ తీసికొనిరి. అది సరికాదు. ఇచ్చటను పసిపిల్లలు మరణించుచున్నారు, ఇచ్చటను నొప్పితో మంచము పట్టువారు కలరు.

శిశు హీమోగ్లోబిన్‌ను మరల పెంచగలమా యను ఆలోచన నుండి పుట్టినదే హైడ్రాక్సీయూరియా వైద్యము. ఇది మొదట రక్తపు పుట్టకురుపునకు, అనగా క్యాన్సరుకు, వాడిన మందు. 1995లో అమెరికాలో 299 మంది పెద్దలపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడెను. మందు లేనివారికి ఏడాదికి నడిమి లెక్కన 4.5 సార్లు నొప్పి దాడి రాగా, మందు తినినవారికి 2.5 సార్లే వచ్చెను. ఆ పరిశోధనను గూడ ముందుగనే నిలిపిరి. మలేరియా, అరకొర తిండి గల దేశములలో ఈ మందు పిల్లలకు సరిపడునా యను సందేహము చాలకాలము మిగిలియుండెను. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా దేశములలో సుమారు 600 మంది పిల్లలపై జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధన ఆ సందేహమును తీర్చినది. నొప్పులు, అంటువ్యాధులు, రక్తమెక్కించు అవసరము, మరణములు అన్నియు తగ్గెను, మలేరియాయు తగ్గెను.

ఈ మందు మన దేశములోనే తయారగుచున్నది. అయితే నొప్పి వచ్చిననాడు మాత్రము మింగునది కాదు. ప్రతిదినము, ఏండ్ల తరబడి, వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవలెను. నడుమ నడుమ రక్తకణముల లెక్క చూపించుకొనవలెను. బిడ్డను కనదలచినవారు, గర్భిణులు వైద్యుని అడుగక వాడరాదు. ఒకటి రెండు వారములలో గుణము కనబడలేదని మానివేయుట వలన ఎందరో నష్టపోవుచున్నారు. మాత్రలు అయిపోవక ముందే తెచ్చుకొనునట్లు చూచుట, బస్సు లేని గూడెములకు ఆ మాత్రలు చేరునట్లు చూచుట కూడ వైద్యములో భాగమే యని మా అభిప్రాయము.

రోగులకు ఇచ్చు మరియొక మాత్ర ఫోలిక్ ఆమ్లము. కణములు త్వరగ చచ్చుచుండుటచే కొత్తవి పుట్టుటకు ఇది ఎక్కువగ కావలసియుండును. దీనిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధకుల బృందమునకు నాయకుడు మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని సభ్యులు గూడెములోని పిల్లలకు చెప్పవచ్చును.

గురుతు బాగుపడుట, రోగి బాగుపడుట

కొత్త మందుల వార్తలు నేడు ఫోనులలో క్షణములో మన్యము చేరుచున్నవి. వానిని ఎట్లు చూడవలెనో ఒక ఉదాహరణము చెప్పెదము. వాక్సెలోటార్ అను మందునకు 2019లో అమెరికా ప్రభుత్వము త్వరిత అనుమతి ఇచ్చినది. కణము వంగకుండ హీమోగ్లోబిన్‌ను పట్టియుంచు మందు ఇది. పరిశోధనలో పూర్తి మోతాదు తినినవారిలో నూటికి 51 మందికి రక్తములో హీమోగ్లోబిన్ చెప్పుకోదగినంత పెరిగెను. మందు లేనివారిలో నూటికి 7 మందికే. అంకె బాగుపడినది గనుక రోగియు బాగుపడునని ఆశించి అనుమతించిరి. తరువాత జరిగిన పరిశోధనలలో మందు తినినవారిలోనే నొప్పి దాడులు, మరణములు ఎక్కువగ కనబడుటచే 2024 సెప్టెంబరులో తయారీదారులే ఆ మందును ప్రపంచమంతట వెనుకకు తీసికొనిరి.

దీనిలో మోసము లేదు; శాస్త్రము తన తప్పును తానే దిద్దుకొనుట యిట్లే. కాని రక్తములోని అంకె పెరుగుట వేరు, మనిషి నొప్పి లేక పనిపాటలు చేసికొనుట వేరు. మూలికతోనో, పొడితోనో ‘రక్తము పెంచెదము, కొడవలి కణము పోగొట్టెదము’ అని సంతలో అమ్మువారిని గూడ ఈ ప్రశ్నయే అడుగవలెను: దీనిని తినినవారికి నొప్పులు తగ్గినవా, ఎందరికి, ఎవరు లెక్కగట్టిరి?

ఇక పూర్తిగ నయము చేయు వైద్యములు. తోబుట్టువు ఎముకమజ్జ సరిపడినచో దానిని ఎక్కించి కొందరు పిల్లలకు వ్యాధిని తొలగించుచున్నారు. సరిపడు తోబుట్టువు అందరికిని దొరకరు. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు శిశు హీమోగ్లోబిన్‌ను ఆపివేయు మీటను కనిపెట్టిరి. ఆ మీటను త్రిప్పి, రోగి యొక్క సొంత మజ్జ కణములనే దిద్ది తిరిగి ఎక్కించు వైద్యమునకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించినవి. తగినంతకాలము పరిశీలింపబడిన 31 మందిలో 29 మందికి ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడి ఒక్కటియు రాలేదు. గొప్ప విజయమే. అయితే మనిషి ఒక్కరికి అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అనగా ఆనాటి మారకపు లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు. పైగా తిరిగి ఎక్కించుటకు ముందు పాత మజ్జను కఠినమైన మందులతో తుడిచివేయవలెను. ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. శాస్త్రజ్ఞులు ఇట్టి దిద్దుబాటునే మన దేశములో చవుకగ సాధించుటకు కృషి చేయుచున్నారు. ఆ రోజు వచ్చువరకు పిల్లవానిని బ్రతికించి యుంచునవి పెనిసిలిన్, టీకాలు, హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆమ్లము, మంచినీళ్ళు.

ఊరిలో చేయవలసినవి

మంచినీళ్ళు అని ఊరక అనలేదు. ఒంటిలో నీరు తగ్గినచో కణములు మరింత వంగును. వ్యాధి గల పిల్లలు గంట గంటకు నీరు త్రాగవలెను. వారి మూత్రపిండములు నీటిని నిలుపలేవు గనుక మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చును. పక్క తడుపుదురని, తరగతిలో ఊరక లేచుచున్నారని ఇటువంటి పిల్లలు దెబ్బలు తినుట కలదు. ప్రధానోపాధ్యాయునికి, ఆశ్రమ పాఠశాల సంరక్షకునికి ఈ సంగతి చెప్పి, నీళ్ళ సీసాకును, బయటకు పోవుటకును అనుమతి ఇప్పించుట ఒక సభ్యుడు ఒక పూటలో చేయగల పని. పుష్య మాఘముల చలిలో కొండ గూడెములలో నొప్పులు ఎక్కువగును. చన్నీటి స్నానము, వాగులో ఈత వారికి తగవు. వసతిగృహములో రెండవ దుప్పటి యిప్పించవలెను.

జ్వరము 101 డిగ్రీలు దాటినను, ఊపిరి ఎగపోయుచున్నను, మూతి వంకర పోయినను, చేయికాలు పడిపోయినను, కన్నులు తెల్లగ పాలిపోయి బల్ల ఉబ్బినను తెల్లవారువరకు ఆగరాదు. 108 వాహనము రాలేని గూడెము లేవో, అచ్చటి నుండి రాత్రివేళ ఎవరి జీపు పోవలెనో, దాని ఖర్చు ఎవరు భరింతురో పంచాయతీ ముందుగనే తీర్మానించి యుంచవలెను. జ్వరము వచ్చిన పిదప సమావేశమగుటకు వ్యవధి యుండదు.

కార్డుల విషయమున గోప్యము పాటించవలెను. వాహకుల జాబితాను పంచాయతీ గోడపై అంటించుట, గ్రామసభలో పేర్లు చదువుట కూడదు. కార్డును ఎవరికి చూపవలెనో దాని యజమానియే నిర్ణయించుకొనును. పెండ్లి మాటలు జరుగునపుడు ఇరుపక్షములవారును పరస్పరము చూపించుకొనునట్లు పెద్దలు మర్యాదగ సలహా చెప్పవచ్చును. గురుతు ఆడపిల్ల యొద్దనే వెదకుట, మగపిల్లవానికి పరీక్షయే జరిపింపకపోవుట అన్యాయము. లెక్కకు ఇద్దరి కార్డులును కావలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో కొడవలి కణవ్యాధిని గూడ చేర్చిరి. కావున వ్యాధిగ్రస్తులు వైద్యాధికారుల నుండి వైకల్య ధ్రువపత్రము పొందుటకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో వీరికి నెలవారీ పింఛను గూడ కలదు. వివరములు గ్రామ సచివాలయములో తెలియును. వాహకులకు ఇవి వర్తింపవు. దరఖాస్తు చేయునపుడు శిబిరములోని మొదటి పరీక్ష కాగితము చాలదు, హెచ్.పి.ఎల్.సి. వంటి నిర్ధారణ పరీక్ష నివేదిక కావలెను. దాని నకలు ఒకటి ఇంట, ఒకటి ఆరోగ్య ఉపకేంద్రములో భద్రపరచుకొనవలెను.